టేబుల్ అంశాలు తగ్గాలి, అజెండా జనానికి ముందే అందాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీల్లో మున్సిపల్ కౌన్సిల్ సమావేశాల వార్తలు నెలనెలా వస్తూనే ఉన్నాయి. ఎవరు వాకౌట్ చేశారు, ఎవరు పోడియం ముందు బైఠాయించారు అన్నది వివరంగానే ఉంటుంది. ఆ రోజు ఏయే అంశాలు ఆమోదం పొందాయి, వాటిలో ఎన్ని ముందుగా అజెండాలో ఉన్నాయి, ఎన్ని అప్పటికప్పుడు బల్ల మీదకు వచ్చాయి అన్నది మాత్రం కనిపించదు. ఊరి డబ్బు కదిలేది అక్కడే. మున్సిపల్ కార్యాలయాల్లో ఇంజనీరింగ్, రెవెన్యూ, అకౌంట్స్, సాధారణ పరిపాలన విభాగాల్లో పనిచేసి విరమించిన మేము దాని గురించే ఈ ఉత్తరం రాస్తున్నాం.

ఆంధ్రప్రదేశ్‌లో చిన్న పట్టణాల పాలన 1965 నాటి మున్సిపాలిటీల చట్టం కింద నడుస్తోంది. నెలకొకసారి సాధారణ సమావేశం జరగాలి. ఒక అంశం అక్కడికి వచ్చే దారి ఇలా ఉంటుంది. వార్డు సభ్యుడి ఉత్తరమో, వార్డు సచివాలయంలో ఇచ్చిన అర్జీయో, పైనుంచి వచ్చిన సర్క్యులరో అందగానే సంబంధిత సెక్షన్‌లో ఫైలు పెడతారు. అది నిర్మాణ పని అయితే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) స్థలం చూసి, కొలతలు తీసి, ఆ ఏడాది ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వం ఖరారు చేసిన ప్రామాణిక ధరల పట్టిక) రేట్లతో ఎస్టిమేట్ వేస్తారు. నిధులు ఉన్నాయో లేదో అకౌంట్స్ వాళ్లు నోట్ రాస్తారు. మేనేజరు, కమిషనరు దాటాక అది కార్యాలయ నివేదికగా అజెండాలోకి ఎక్కుతుంది. సభ్యులకు నోటీసు పంపడానికీ సమావేశానికీ మధ్య కొన్ని పూర్తి రోజుల వ్యవధి ఉండాలని నిబంధన ఉంది. సభ్యులు కాగితాలు చదివి, స్థలం చూసి, వార్డులో నలుగురిని అడిగి రావడానికే ఆ వ్యవధి.

ఈ దారిని తప్పించుకునే అడ్డదారులు రెండు.

మొదటిది టేబుల్ అజెండా. సమావేశం మొదలయ్యాక, ఒక్కోసారి ముగిసే ముందు, కొత్త కాగితాలు పంచుతారు. పైపులైను పగిలింది, తుపాను హెచ్చరిక వచ్చింది, కోర్టు గడువు రేపటితో ముగుస్తుంది: ఇలాంటి వాటికి ఆ వెసులుబాటు ఉండాల్సిందే. కానీ టేబుల్ అంశాలుగా వస్తున్నవి చూడండి. దుకాణాల లీజు పొడిగింపు, అవుట్‌సోర్సింగ్ కార్మికుల కొనసాగింపు, వాహనాల మరమ్మతు బిల్లులు, ఫ్లెక్సీల ఖర్చు. వీటిలో ఒక్కటీ రాత్రికి రాత్రి పుట్టుకొచ్చిన అవసరం కాదు. లీజు ఏ తేదీన ముగుస్తుందో ఒప్పందం రాసుకున్న రోజే తెలుసు.

రెండోది ధ్రువీకరణ, కార్యాలయ భాషలో ర్యాటిఫికేషన్. కౌన్సిల్ అనుమతి వస్తుందన్న అంచనాతో ఛైర్‌పర్సన్ ముందస్తు అనుమతి ఇస్తారు, పని అయిపోతుంది, ఆ తర్వాత బిల్లు చెల్లించడానికి తీర్మానం కావాలి కనుక అంశం అజెండాలోకి వస్తుంది. ఆ దశలో సభ్యులు కాదంటే కాంట్రాక్టరు కోర్టుకు వెళతాడు, అవునంటే జరిగినదానికి ముద్ర వేసినట్టవుతుంది. నిర్ణయించే అవకాశం అప్పటికే చేజారిపోయింది. ఏ నెల అజెండా అయినా తీసుకుని అంశాలను రెండు వరుసల్లో రాసి చూడండి: జరగబోయేవి ఒకవైపు, జరిగిపోయినవి ఒకవైపు. రెండో వరుస పొడుగైతే ఆ కౌన్సిల్ నిర్ణయాలు తీసుకోవడం మానేసి సంతకాలు పెడుతోందని అర్థం.

అజెండాలో ఉన్న అంశాలైనా సభ్యులకు అర్థమయ్యేలా రాస్తున్నారా అంటే అదీ లేదు. "నీటి శుద్ధికి అవసరమైన ఆలం (పటిక), బ్లీచింగ్ పౌడర్ కొనుగోలుకు కౌన్సిల్ వారి ఆమోదం కోరడమైనది" అని ఒక వాక్యం, కింద ఒక మొత్తం. అది ఎక్కువా, తక్కువా అన్నది ఆ వాక్యం చదివితే ఎవరికీ తెలియదు. లెక్క కష్టమేమీ కాదు. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణానికి మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని ప్రమాణం. లక్ష జనాభాకు కోటీ ముప్పై అయిదు లక్షల లీటర్లు. లీటరుకు 20 మిల్లీగ్రాముల ఆలం వేస్తే రోజుకు 270 కిలోలు, ఏడాదికి దాదాపు 98 టన్నులు. వరద నీరు బురదగా వచ్చే రోజుల్లో మోతాదు రెండింతలు, మూడింతలు కావచ్చు కనుక ఆ రెండు మూడు నెలలకు అదనం కలుపుకోవాలి. బ్లీచింగ్ సంగతి: లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ అనుకుంటే రోజుకు 27 కిలోల క్లోరిన్ కావాలి. పౌడరులో క్లోరిన్ 30 శాతం ఉంటే 90 కిలోల పౌడరు. అయితే గాలీ తేమా తగిలితే ఆ శాతం వారాల్లోనే పడిపోతుంది. ఏడాది సరుకు ఒకేసారి కొని రేకుల షెడ్డులో పేర్చిన చోట చివరి నెలల్లో వేసేది చాలావరకు సున్నపు పొడే. చివరి కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్న నియమం ఎక్కడ తప్పుతోందో వెతికితే చాలాసార్లు ఆ షెడ్డు దగ్గరే తేలుతుంది. కాబట్టి అంశంలో ఉండాల్సినవి: రోజుకు సరఫరా చేస్తున్న నీరు ఎంత, మోతాదు ఎంత, గత ఏడాది వాడకం ఎంత, నిల్వ ఎంత, సరుకు ఎన్ని విడతల్లో వస్తుంది, క్లోరిన్ శాతం ఎవరు పరీక్షిస్తారు. అయిదారు వరుసల్లో అన్నీ చెప్పేయవచ్చు. ఆ వరుసలు ఉంటే పదో తరగతి చదివిన సభ్యురాలు కూడా సరైన ప్రశ్న వేయగలరు.

సిమెంటు రోడ్డు విషయమూ అంతే. నూరు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 60 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఘనపు మీటరుకు 320 కిలోల సిమెంటు చొప్పున 384 బస్తాలు. అడుగున వేసే పలుచని కాంక్రీటు పొర లెక్క వేరు. అజెండాలో పొడవు, వెడల్పు, మందం ముద్రించి ఉంటే వీధిలోవాళ్లే టేపు పట్టుకుని కొలుచుకుంటారు. "ఫలానా వార్డులో సీసీ రోడ్డు, రూ. ఇన్ని లక్షలు" అని మాత్రమే ఉంటే కొలవడానికి వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. పైగా పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్తది పోయడం అలవాటైపోయింది. ఒక్కో విడతకు రోడ్డు మట్టం అర అడుగు లేస్తుంది, ఇళ్ల గడపలు కిందకు పోతాయి, వాన నీరు లోపలికి వస్తుంది. పాతది తొలగించే ఖర్చు ఎస్టిమేట్‌లో ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న మంజూరు రోజున అడిగితే ఈ బాధ ఉండదు. కుళాయి కనెక్షన్లు, భూగర్భ డ్రైనేజీ, పక్క కాలువ, ఆ తర్వాతే రోడ్డు: వరుస ఇది. వరుస తప్పితే కొత్త రోడ్డును ఆరు నెలలకే కోస్తారు. కోత చార్జీలు వసూలవుతాయి గానీ ఆ డబ్బుతో కోసిన చోటే పూడ్చారా అన్నది మళ్లీ ఏ అజెండాలోనూ కనిపించదు.

కాలువల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అసలు నష్టం అక్కడే జరుగుతోంది. నిధులు వచ్చినప్పుడల్లా వార్డుకు ఇన్ని లక్షలు అని సమానంగా పంచడం కౌన్సిళ్లకు సులువైన మార్గం. ఎవరికీ కోపం రాదు, తీర్మానం ఏకగ్రీవంగా పోతుంది. కానీ మురుగునీరు వార్డు హద్దులు చూసి పారదు. భీమవరం, గుడివాడ, తెనాలి లాంటి డెల్టా పట్టణాల్లో నేల దాదాపు సమతలం. కాలువకు 200 మీటర్లకు ఒక మీటరు వాలు ఇవ్వాలన్నా నూరు మీటర్లకు అర మీటరు లోతు దిగాలి. నాలుగు వందల మీటర్లు పోయేసరికి రెండు మీటర్లు. అంత లోతున కలవడానికి దిగువన పెద్ద డ్రెయిను ఉండాలి, వానాకాలంలో దాని నీటి మట్టం మన కాలువ అడుగు కన్నా కిందే ఉండాలి. అందుకే కాలువ పని దిగువ నుంచి మొదలుపెట్టి ఎగువకు రావాలి. వార్డుల వారీ వాటా పద్ధతిలో జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. ఎగువ వార్డులో నూరు మీటర్లు, మధ్య వార్డులో ఎనభై, దిగువ వార్డు సభ్యుడు తన వాటాతో రోడ్డు వేయించుకుంటాడు. ఏ ముక్కకు ఆ ముక్క ఎస్టిమేట్ ప్రకారమే కట్టి ఉంటుంది, ఎం-బుక్‌లో (పనుల కొలతలు నమోదు చేసే పుస్తకం) కొలతలు సరిగ్గానే ఉంటాయి, ఆడిట్‌కూ తప్పు దొరకదు. నీరు మాత్రం నిలిచే ఉంటుంది. మరుసటి ఏడాది దోమల మందుకూ పూడికతీతకూ అదే కౌన్సిల్ మళ్లీ డబ్బు మంజూరు చేస్తుంది. ప్రతి కాలువ అంశానికీ ఎగువ మట్టం, దిగువ మట్టం, చివరకు ఎందులో కలుస్తుంది అన్న మూడు వివరాలు జతచేయకపోతే ఆ అంశాన్ని వాయిదా వేయాలి. ఇది ఒక్కటి పాటించినా చాలా పట్టణాల్లో మురుగు సమస్య సగం తగ్గుతుందని మా నమ్మకం.

పద్దు పేరు రాయకపోవడం మరో లోపం. "జనరల్ ఫండ్ లేదా ఆర్థిక సంఘం నిధుల నుంచి" అని రాసి వదిలేస్తారు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 40 శాతమే స్థానిక అవసరాలకు వాడుకోగలిగిన మొత్తం. మిగతా 60 శాతంలో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాననీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికి కట్టుబడి ఉంది. ఆ 60 శాతం నుంచి రోడ్డు వేయడానికి వీల్లేదు. పద్దు తేల్చకుండా తీర్మానం చేస్తే పని పూర్తయ్యాక బిల్లు ఆగుతుంది, లేదా ఆడిట్ అభ్యంతరం వస్తుంది. బిల్లులు ఆగే ఊళ్లో టెండరు వేసేవాళ్లు తగ్గుతారు, వేసేవాళ్లు ఆలస్యపు నష్టాన్ని రేటులో కలుపుకుంటారు. ఒకే పనిని మూడు ముక్కలు చేసి టెండరు లేకుండా నామినేషన్ మీద ఇచ్చే అలవాటుకు కూడా సాకు ఇక్కడే దొరుకుతుంది: "టెండరుకు ఎవరూ రావడం లేదు" అని.

రాబడి అంశాలకు అజెండాలో చివరి చోటు దక్కుతుంది. మార్కెట్ ఆశీలు, బస్టాండు, కబేళా హక్కుల గడువు మార్చి 31తో ముగుస్తుంది. వేలం అంశం జనవరిలో రావాలి. మార్చి నెలాఖరులో తెస్తే ప్రకటనకు వ్యవధి ఉండదు, పాటదారులు కుమ్మక్కై పాటకు రారు, ఏప్రిల్ 1 నుంచి సిబ్బందితో శాఖాపరంగా వసూలు మొదలవుతుంది. అలా వసూలైన తక్కువ మొత్తాన్ని చూపించి తర్వాతి పాటను తక్కువకు దించుతారు. గత మూడేళ్ల పాట మొత్తాలు, శాఖాపరంగా వసూలు చేసిన రోజుల రాబడి ఒకే పట్టికలో సభ్యుల ముందు పెడితే ఈ ఎత్తు పారదు. దుకాణ గదులకు మూడేళ్లకోసారి అద్దె 33 శాతం పెంచి లీజు పొడిగిస్తూ పోవడం ఆనవాయితీ. బజారు అద్దెతో పోలిస్తే ఆ పెంపు ఎక్కడుందో, గదిలో అసలు లీజుదారే ఉన్నాడో వేరేవాళ్లకు అద్దెకిచ్చాడో అంశంలో రాయడం లేదు.

బడ్జెట్ సమావేశం ఏడాదిలో అతి ముఖ్యమైనది. త్వరగా ముగిసేదీ అదే. సభ్యులకూ విలేకరులకూ మా సూచన ఒక్కటే: మొత్తం అంకె చూడకండి, మూడు నిలువు వరుసలు చూడండి. గత ఏడాది వాస్తవం, ఈ ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. ఆస్తి పన్ను వరుసలో వాస్తవానికీ అంచనాకూ పెద్ద తేడా ఉంటే డీసీబీ పట్టిక (రావాల్సిన పన్ను అంటే డిమాండు, వసూలైంది, బకాయి చూపే పట్టిక) అడగండి. డిమాండులో కోర్టు కేసుల్లో ఉన్నవి, ఒకే ఇంటికి రెండు అసెస్‌మెంట్లు (పన్ను నంబర్లు) పడినవి, కూల్చేసిన ఇళ్లవి ఎన్ని ఉన్నాయో అందులో తేలుతుంది. రాని డిమాండు మీద నెలకు 2 శాతం వడ్డీ పెరుగుతూ పోయి బకాయి అంకె ఏటా ఉబ్బుతుంది, ఆ ఉబ్బునే బడ్జెట్‌లో ఆదాయంగా చూపుతారు, ఆ ఆదాయం చూపి పనులు మంజూరు చేస్తారు. ప్రారంభ నిల్వ కూడా గమనించండి. కాంట్రాక్టర్ల డిపాజిట్లు, పన్నుతోపాటు వసూలు చేసిన 8 శాతం గ్రంథాలయ సెస్సు అందులో కలిసి ఉంటే అవి మున్సిపాలిటీ సొమ్ము కావు. సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. అది చేరకపోవడం వల్లే చాలా శాఖా గ్రంథాలయాల్లో కొత్త పుస్తకాలు లేవు.

ఇక మినిట్స్, అంటే సమావేశంలో జరిగినదాని నమోదు. సమావేశంలో ఏం జరిగినా చివరికి నిలిచేది మినిట్స్ పుస్తకంలో రాసిందే. గొడవ మధ్య "అన్ని అంశాలూ ఆమోదం" అని ప్రకటించి లేచిపోతే, ఏ అంశానికి ఎవరు అభ్యంతరం చెప్పారో రాయడానికి ఏమీ ఉండదు. సభ్యులు వాకౌట్ చేస్తే అది పత్రికలో వస్తుంది గానీ తీర్మానంలో రాదు. అసమ్మతిని లిఖితపూర్వకంగా ఇచ్చి, అంశం నంబరు రాసి, అందినట్టు సంతకం తీసుకుంటేనే దానికి విలువ. చట్టానికి విరుద్ధమైన తీర్మానాన్ని నిలిపివేసే, రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. అక్కడికి వెళ్లినా మొదట అడిగేది ఆ కాగితాన్నే. ఈ మెలకువ పాత తరం సభ్యుల్లో ఉండేది. కొత్తగా ఎన్నికైనవారికి, ముఖ్యంగా రిజర్వు స్థానాల నుంచి మొదటిసారి వచ్చిన మహిళలకు, ఎవరూ దీన్ని చెప్పడం లేదు. వారి భర్తలు సమావేశ మందిరం బయట కాగితాలు చదివి లోపలికి మాట పంపే పరిస్థితి మారాలంటే ముందుగా అజెండా వారి చేతికి, చదివే వ్యవధితో సహా, అందాలి.

జనానికి అజెండా ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(బి) ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన కౌన్సిళ్లు, కమిటీల వివరాలతోపాటు వాటి సమావేశాలకు ప్రజలు రావచ్చా, మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉన్నాయా అన్నది ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. బడ్జెట్ కేటాయింపులూ అంతే. 2019 అక్టోబరు 2 నుంచి పట్టణాల్లో వార్డు సచివాలయాలు వచ్చాయి, వాటిలో నోటీసు బోర్డులు ఉన్నాయి. సభ్యులకు అజెండా పంపిన రోజే దాని ప్రతి అక్కడ అతికించడానికి అయ్యే ఖర్చు కొన్ని జెరాక్స్ కాగితాలు. తెలంగాణలో 2019 మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు ఉండాలంది. అజెండా ముందుగా అందకపోతే ఆ కమిటీలు కూడా మొక్కలు నాటే రోజున ఫొటోకు నిలబడటం తప్ప చేయగలిగింది లేదు.

కౌన్సిల్ గడువు ముగిసి ప్రత్యేకాధికారి పాలన వచ్చినప్పుడు ఈ అవసరం ఇంకా పెరుగుతుంది. అప్పుడు తీర్మానాలు ఒక్క అధికారి సంతకంతో జరుగుతాయి. వాకౌట్ చేసేవాళ్లూ, ప్రశ్నించేవాళ్లూ ఎవరూ ఉండరు. అవి కూడా నంబరు, తేదీ, మొత్తం, పద్దుతో నోటీసు బోర్డు ఎక్కాలి.

కమిషనర్లను మేం కోరేది: ప్రతి పని అంశానికీ కొలతలు, మట్టాలు, పద్దు, అదే చోట గత అయిదేళ్లలో చేసిన ఖర్చు రాయించండి. టేబుల్ అంశమైతే ఎందుకు ఆగలేకపోయిందో ఒక వాక్యం తప్పనిసరి చేయండి. ఆ వాక్యం రాయలేని అంశం తర్వాతి నెలకు వెళ్లాలి. గత సమావేశ తీర్మానాల్లో ఏవి అమలయ్యాయి, ఏవి ఏ దశలో ఆగాయి అన్న పట్టికను మొదటి అంశంగా పెట్టండి.

మిమ్మల్ని కోరేది కూడా ఉంది. సమావేశానికి ముందు రోజు మీ పట్టణ పేజీలో పావు కాలమ్ కేటాయించి అజెండాలోని పెద్ద మొత్తాల అంశాలు పది ప్రచురించండి. సమావేశం మర్నాడు ఆ పదింటికి ఏమైందో, వాటికి తోడు టేబుల్ అంశాలు ఎన్ని వచ్చాయో రాయండి. అజెండా ప్రతి ఇవ్వడానికి కార్యాలయం నిరాకరిస్తే ఆ నిరాకరణనే వార్త చేయండి. మీ విలేకరులకు అంశాలు చదవడంలో, ఎస్టిమేట్లు విడదీసి చూడడంలో సందేహాలు వస్తే కూర్చుని చెప్పడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
కొందరు విశ్రాంత మున్సిపల్ ఉద్యోగులు